పెండ్లికి ఏమి కట్టుకొని వెళ్ళాలి?

పాఠ్యభాగములు: మత్తయి 22:1–14, యాకోబు 2:1–9



మాఘమాసము వచ్చిందంటే పావగడ వైపు నుండి పెండ్లి పత్రికలు రావడము మొదలవుతుంది. వైశాఖ, జ్యేష్ఠ మాసములలో అయితే ఒకే వారములో రెండు మూడు పిలుపులు ఉంటాయి. పని కొరకు బెంగళూరుకు, తుమకూరుకు, ఇంకా దూరప్రాంతములకు వచ్చి స్థిరపడిన మనకు ఊరి పెండ్లి అంటే బంధువులందరినీ ఒకేచోట చూచే అవకాశము. పత్రిక చేతికి రాగానే ఇంటిలో లేచే మొదటి ప్రశ్న మాత్రము "బస్సు ఎన్ని గంటలకు?" అని కాదు, "ఏమి కట్టుకోవాలి?" అని.

ఇది చిన్న ప్రశ్న అని తోసివేయవద్దు. ఈ ప్రశ్నకు జవాబు దొరకక అప్పు చేసినవారు ఉన్నారు. జవాబు దొరకక పెండ్లికే వెళ్ళనివారూ ఉన్నారు. "కట్టుకొనేదానికి మంచి చీర లేదు, యాడ వచ్చేది?" అన్న మాట మన అక్కచెల్లెళ్ళ నోట మనమందరము విన్నదే. సొంత అన్న కూతురి పెండ్లికి ఒక చీర లేని కారణాన రాలేకపోవడము ఆ ఇంటికంతటికీ నష్టమే. అందుచేత ఈ పాఠములో ఈ సంగతిని క్రమముగా ఆలోచింతము.

1. ఇద్దరికీ బాధ్యత ఉన్నది

పైన ఇచ్చిన రెండు పాఠ్యభాగములను పక్కపక్కన పెట్టి చదవండి. మొదటిదానిలో రాజు కుమారుని పెండ్లి విందుకు దారిన పోయేవారిని కూడా పిలుచుకొని వస్తారు. వారిలో ఒకడు పెండ్లి వస్త్రము లేకుండా కూర్చొని యుంటాడు. ఆ ఉపమానము పరలోక రాజ్యమును గురించినది. మన చీరలకు, చొక్కాలకు దానిని చట్టముగా వాడుకోకూడదు. అయినా విందుకు వచ్చినవాడు విందు పెట్టినవానిని లక్ష్యపెట్టాలన్న సంగతి అందులో స్పష్టముగా ఉన్నది.

రెండవదానిలో బంగారు ఉంగరముతో, మంచి బట్టలతో వచ్చినవానికి మంచి చోటు, మాసిన బట్టలతో వచ్చిన బీదవానికి కాళ్ళ దగ్గర చోటు చూపించే సభను యాకోబు గద్దిస్తాడు. ఇది పిలిచినవారికి చెప్పిన మాట.

రెండింటినీ కలిపితే మన పాఠము దొరుకుతుంది. వచ్చేవారు పిలిచినవారి గౌరవము కొరకు కట్టుకోవాలి. పిలిచినవారు గుడ్డలు చూచి మనుషులకు విలువ కట్టకూడదు. ఈ రెండిటిలో ఒకటి తప్పినా రెండవది నిలువదు. గుడ్డలు చూచి కూర్చోబెట్టే ఇంటికి వెళ్ళాలంటే బీద బంధువు అప్పు చేయవలసిందే.

2. మన తాలూకాలో పెండ్లిళ్ళు

పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోనిదే అయినా, దాని చుట్టూ ఎక్కువ భాగము ఆంధ్రప్రదేశ్ సరిహద్దే. ఒకప్పుడు అనంతపురము జిల్లాలో ఉండిన మడకశిర, హిందూపురము, ధర్మవరము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నవి. ఇంటిలో తెలుగు, బడిలో, కచేరీలో కన్నడము మనకు అలవాటు. పెండ్లి పద్ధతులు కూడా ఆ విధముగానే కలిసిపోయినవి. పత్రికలో "ఆరతక్షతె" అని ఉంటే అది ముందురోజు సాయంకాలము జరిగే రిసెప్షన్. "ధారె ముహూర్తము" అని ఉంటే అది మరునాటి ఉదయము, ఒక్కొక్కసారి తెల్లవారుజామునే జరిగే అసలు పెండ్లి. కాబట్టి పత్రికను మొదట జాగ్రత్తగా చదవాలి. మనము ఏ పూటకు వెళ్తున్నాము, ఎంతసేపు ఉంటాము, కూర్చొనేది కుర్చీమీదనా, చాపమీదనా అన్నది తెలిస్తే సగము ప్రశ్నకు జవాబు దొరికినట్లే.

*హిందూ బంధుమిత్రుల పెండ్లి.* ముహూర్తమునకు ఆడవారు పట్టుచీర లేదా మంచి నూలుచీర, మగవారు పంచె, చొక్కా, భుజముమీద శల్య కట్టుకొని వెళ్ళడము అక్కడి మర్యాద. పంచె అలవాటు లేనివారు శుభ్రమైన ప్యాంటు, చొక్కా వేసుకొంటే చాలు. మంటపము దగ్గరకు చెప్పులతో పోరు గనుక సులభముగా విడిచే చెప్పులే మంచివి. వాకిట్లో పన్నీరు చల్లి, కుంకుమ, పువ్వు, కలకండ ఇచ్చేచోట మనవారు కొందరు తికమక పడతారు. కుంకుమ పెట్టుకొనని వారు పువ్వు, కలకండ తీసుకొని చిరునవ్వుతో చేతులు జోడిస్తే ఎవరికీ బాధ ఉండదు. ముఖము చిట్లించి పక్కకు తప్పుకొంటేనే బాధ. పళ్ళెము పట్టుకొని నిలబడింది ఆ ఇంటి ఆడబిడ్డ అని మరువకూడదు.

*మన సంఘములలోని పెండ్లి.* 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వివాహము సాధారణముగా ఉదయము ఆరు గంటలకు, సాయంకాలము ఏడు గంటలకు మధ్య జరగాలి. అందుచేత మన పెండ్లి పగటి పెండ్లి. ఊరి మందిరములలో చాలాచోట్ల చెప్పులు బయట విడిచి, చాపలమీద ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు కూర్చుంటారు. ప్రార్థనలో ఆడవారు తలమీద కొంగు వేసుకొంటారు. గంటన్నరసేపు నేలమీద కూర్చొని, లేచి నిలబడి, మళ్ళీ కూర్చొనేదానికి వీలైన బట్ట కావాలి. బిగుతైన ప్యాంట్లు, నేలమీద ఈడ్చే పొడవు గౌనులు నగరపు హాలులో ఎంత బాగున్నా ఇక్కడ కట్టుకొన్నవారికే కష్టము. తలమీద కొంగు నిలువని జారుడు చీర అయితే ప్రార్థన అంతా కొంగు సర్దుకోవడముతోనే సరిపోతుంది.

*ముస్లిము స్నేహితుల పెండ్లి.* నిఖాకు ఆడవారు, మగవారు వేరువేరుగా కూర్చుంటారు. చేతులు, మెడ కప్పే రవిక లేదా చుడీదారు, తలమీదికి వేసుకొనేటందుకు దుపట్టా ఉంటే ఇంటివారు సంతోషిస్తారు. మగవారికి శుభ్రమైన నిండుచేతుల చొక్కా మంచిది.

ఎక్కడైనా ఒక మాట అడగడములో తప్పు లేదు. "అక్కా, మీ ఇంటి పెండ్లికి ఏమి కట్టుకొని వస్తే బాగుంటుంది?" అని ఫోనులో అడిగితే వారు చిన్నబుచ్చుకోరు. మన ఇంటి కార్యమును ఇంతగా తలచినారే అని సంతోషిస్తారు.

3. రంగును గురించి

మనవారికి ఎక్కువ పొరపాటు జరిగేది తెల్లచీర దగ్గర. మన సంఘములలో తెలుపు పెండ్లికూతురి రంగు. అది లేఖనములలోని ఆజ్ఞ కాదు. 1840 ఫిబ్రవరి 10న ఇంగ్లండు రాణి విక్టోరియా తన పెండ్లికి తెల్లని గౌను వేసుకొన్న తరువాత ఆ వాడుక పాశ్చాత్య దేశములలో బలపడి, మిషనుల కాలములో మన దేశములోనికి కూడా వచ్చి, ఇక్కడ తెల్లచీర అయినది. ఆ రోజు తెలుపు ఆమెకే చెందినది గనుక అతిథి ఇంకొక రంగు చూచుకోవడము మంచిది. హిందూ ఇండ్లలో అయితే ఆడవారి తెల్లచీర దుఃఖమునకు గుర్తు అని చాలామంది భావిస్తారు. కారణములు వేరైనా ఫలితము ఒక్కటే. పెండ్లికి తెల్లచీర వద్దు. మగవారి తెల్లపంచె, తెల్లచొక్కా మాత్రము ఏ పెండ్లికైనా తగినవే.

నలుపు కూడా అట్టిదే. నగరములో సాయంకాలపు రిసెప్షన్‌కు నల్లకోటు, నల్లచీర ఎవరూ పట్టించుకోరు. ఊరిలో ముహూర్తపు వేళ నలుపు కట్టుకొంటే పెద్దవారి మనస్సు కలుక్కుమంటుంది. మనకు ఆ నమ్మిక లేకపోవచ్చును. అయినా ఆ ఒక్క పూట పెట్టెలోని ఇంకొక చీర తీసుకొంటే మనకు పోయేది ఏమీ లేదు.

ఇక్కడే విధవరాండ్రను గురించి ఒక మాట చెప్పాలి. భర్త పోయిన స్త్రీ శుభకార్యములో ముందుకు రాకూడదని, వెలిసిన చీరతో వెనుక కూర్చోవాలని ఊరిలో ఇంకా కొందరు అనుకొంటారు. మన ఇండ్లలో ఈ మాట వినిపించకూడదు. బిడ్డ పెండ్లికి ఆ తల్లి తనకు ఇష్టమైన రంగు చీర కట్టుకొని ముందు వరుసలో కూర్చోవాలి. అవసరమైతే ఆ చీరను మనమే తెచ్చిపెట్టి, చేయి పట్టుకొని తీసుకొనిపోయి కూర్చోబెట్టాలి.

4. పట్టు కొనేవారికి

పట్టుచీర కొనవలెనంటే బెంగళూరు పెద్ద అంగళ్ళకే పోవలసిన పని లేదు. మన తాలూకాలోని వై.ఎన్. హొసకోటలో మగ్గములమీద పట్టుచీరలు నేస్తారు. సరిహద్దు దాటితే ధర్మవరము ఉన్నది. ధర్మవరము చేనేత పట్టుచీరలకు, పావడలకు భౌగోళిక గుర్తింపు కూడా కలదు. పడమటివైపు చిత్రదుర్గ జిల్లాలోని మొళకాల్మూరు చీరలు పేరు పొందినవి. లేపాక్షి గుడి పైకప్పుమీద పదహారవ శతాబ్దములో చిత్రించిన స్త్రీల చీరల అంచులను, గళ్ళను చూచి ఈనాటికీ నేతగాండ్రు కొత్త రకములు నేస్తారు. చీర కట్టు, చీర నేత ఈ మెట్టభూములలో ఎంత పాతవో దీనిని బట్టి తెలుస్తుంది.

అయితే "పట్టు" అని చెప్పి అమ్మేదంతా పట్టు కాదు. ఈ గుర్తులు తెలుసుకోండి.

మొదటిది, చీర చివరనుండి రెండు మూడు దారపు పోగులు తీసి కాల్చి చూడవచ్చును. అసలు పట్టు తల వెంట్రుక కాలినట్లు వాసన వచ్చి, మిగిలిన బూడిద వ్రేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి ముద్ద కడుతుంది. ఈ పరీక్ష ఇంటి పెద్దవారే, పిల్లలకు దూరముగా, నీళ్ళు పక్కన పెట్టుకొని చేయాలి.

రెండవది జరీ. అసలు జరీలో పట్టుదారము చుట్టూ సన్నని వెండితీగ చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. తక్కువ ధర జరీలో వెండికి బదులు రాగి ఉంటుంది. ఇంకా చవుక అయినదానిలో మెరిసే ప్లాస్టిక్కు పొర మాత్రమే ఉంటుంది. రాగి జరీ చీర కట్టుకోవడము తప్పు కాదు. దానికి వెండి జరీ ధర ఇవ్వడము మాత్రము మోసపోవడమే.

మూడవది, కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యములో 2004 నుండి "సిల్క్ మార్క్" గుర్తు ఇస్తున్నారు. ఆ చీటి ఉన్న చీర అడిగి తీసుకోండి, బిల్లు కూడా ఉంచుకోండి.

కొన్న చీరను కాపాడుకొంటే అది కూతురికి, కోడలికి కూడా వస్తుంది. పెండ్లినుండి రాగానే మడిచి పెట్టెలో పెట్టక, నీడలో గాలికి ఆరవేయండి. చెమటతడి, సెంటు జరీని నల్లబరుస్తాయి. పులుసు పడితే రుద్దక శుభ్రమైన గుడ్డతో అద్దండి. నెయ్యి పడినచోట ముఖమునకు రాసుకొనే పౌడరు చల్లి ఉంచితే జిడ్డు పీల్చుకొంటుంది. పాత తెల్లని నూలుగుడ్డలో చుట్టి, నాలుగైదు నెలలకు ఒకసారి మడతలు మార్చి పెట్టండి. ఒకే మడతలో ఏండ్ల తరబడి ఉంటే చీర ఆ గీతవెంబడే చినుగుతుంది. కలరా ఉండలు జరీకి తగిలేటట్లు వేయవద్దు.

5. మంచి బట్ట కట్టుకోవడము గర్వమా?

కొందరు భక్తిగల పెద్దలు "మంచి బట్టలన్నీ గర్వమే" అంటారు. ఆ మాటను తొందరపడి ఒప్పుకోలేము. మన తాతల కాలమును జ్ఞాపకము చేసుకోండి. ఏమి కట్టుకోవాలి, ఎంత పొడవు కట్టుకోవాలి, వీధిలో చెప్పులు వేసుకోవచ్చునా లేదా అన్నది ఊరిలోని పైకులముల వారు నిర్ణయించిన రోజులవి.

తిరువాన్కూరు సంస్థానములో నాడారు కులపు స్త్రీలకు, వారిలో క్రైస్తవులైనవారికి కూడా, రొమ్ము కప్పుకొనే హక్కు కొరకు దశాబ్దముల పోరాటము నడిచినది. వారిమీద దాడులు జరిగినవి, బట్టలు చించివేసినారు. చివరకు 1859లో మహారాజు ప్రకటన చేసి, పైబట్ట వేసుకొనేటందుకు అనుమతి ఇచ్చినాడు. అప్పటికి కూడా పైకులపు స్త్రీల పద్ధతిలో మాత్రము వేసుకోకూడదన్న షరతు పెట్టినారు.

1927 డిసెంబరులో మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ అంబేద్కరు స్త్రీలతో ప్రత్యేకముగా మాట్లాడినారు. కులమును తెలిపే రీతిలో మోకాళ్ళవరకు చీర కట్టడము మానమని, బరువైన వెండి, కంచు సొమ్ములు వదలమని, బట్ట చినిగినదైనా సరే శుభ్రముగా ఉంచుకోమని వారికి చెప్పినారు. ఆ స్త్రీలలో చాలామంది అప్పుడే చీరకట్టు మార్చుకొన్నారు. ఆయన వారిని ఖరీదైన చీర కొనమని చెప్పలేదు. తల ఎత్తుకొని నడవమని చెప్పినారు.

కాబట్టి మన బిడ్డలు పెండ్లికి శుభ్రముగా, అందముగా కట్టుకొని రావడము గర్వము కాదు, గౌరవము. పక్కవారిని చిన్నబరచడానికి కట్టుకొంటే అది గర్వము. అప్పు చేసి కట్టుకొంటే అది భయము. గౌరవమునకు తక్కువ ఖర్చు చాలు. గర్వమునకు, భయమునకు ఎంత ఖర్చు పెట్టినా చాలదు.

6. అప్పు, పోటీ

ఇప్పుడు లెక్క చూతము. ఉదాహరణకు, నలుగురు ఉన్న ఒక కుటుంబము ఒక పెండ్లికి కొత్త బట్టలు తీసుకొన్నది అనుకొందాము. చీర 5,000 రూపాయలు, మగ్గము పని చేయించిన రవిక 2,500, భర్తకు ప్యాంటు, చొక్కా 2,000, ఇద్దరు పిల్లలకు 2,500. మొత్తము 12,000 రూపాయలు. బస్సు ఖర్చు, ముయ్యి వేరే. ఆ సంవత్సరము మూడు పెండ్లిళ్ళు ఉంటే 36,000. తాపీ పనికి, గార్మెంట్సుకు, ఇండ్లలో పనికి వెళ్ళే కుటుంబము ఈ డబ్బు ఎక్కడినుండి తెస్తుంది? వారపు కంతుల ఫైనాన్సునుండి తెస్తుంది. చీర బీరువాలోనికి పోయిన తరువాత కూడా కంతు మాత్రము ప్రతి వారము వాకిటికి వస్తుంది. ఇటువంటి చిన్న అప్పుల వసూలులో జరిగే వేధింపులను అరికట్టడానికి 2025 ఫిబ్రవరిలో కర్ణాటకలో ప్రత్యేకముగా ఆర్డినెన్సు తీసుకొని రావలసి వచ్చినది. పరిస్థితి ఎంతవరకు పోయినదో దానితో తెలుస్తుంది.

ఊరిలో కూడా తేడాలు పెరిగినవి. తిరుమణి, వళ్ళూరు మొదలైన ఐదు ఊళ్ళ భూములలో సుమారు 13,000 ఎకరములలో సోలారు పార్కు వచ్చి, 2018 నుండి కరెంటు ఇస్తున్నది. భూమి కౌలుకు ఇచ్చినవారికి ఏటేటా డబ్బు వస్తున్నది. భూమి లేక, ఆ చేలలో వేరుశనగ పీకి బ్రతికినవారికి కూలిపని తగ్గినది. ఒకే వీధిలో, ఒకే పెండ్లి పందిరి క్రింద ఈ ఇద్దరూ కూర్చుంటారు. బెంగళూరునుండి మనము కూడా వచ్చి కూర్చుంటాము. మన మెడలోనిది, మన ఒంటిమీదిది చూచి ఎవరైనా తమ బిడ్డకు "మనము వెనుక కూర్చుందాము" అని చెప్పవలసి వస్తే, ఆ పెండ్లికి మనము ఇచ్చిన ముయ్యి ఏపాటిది?

ఈ పోటీని తగ్గించేటందుకు మనము చేయగల పనులు కొన్ని ఉన్నవి.

(అ) ఒక చీరను రెండు మూడు పెండ్లిళ్ళకు కట్టుకొందాము. "పోయిన పెండ్లి ఫోటోలో ఇదే చీర" అని వాట్సాప్‌లో ఎవరైనా అంటే, "అవును, నాకు ఇష్టమైన చీర" అందాము. సంఘములో నలుగురు పెద్దమ్మలు ధైర్యముగా ఈ పని చేస్తే, చీరలు లేని పదిమంది కోడళ్ళకు దారి ఏర్పడుతుంది.

(ఆ) అక్కచెల్లెండ్లు, వదినలు అందరూ ఒకే రకము చీర కొనాలన్న పద్ధతి ఇప్పుడు వచ్చినది. ఫోటోకు బాగుంటుంది గాని, కొనలేని ఒక్క వదిన ఆ ఫోటోలో ఉండదు. "అందరూ ఆకుపచ్చ కట్టుకొందాము" అని రంగు మాత్రము చెప్పుకొంటే, ఎవరికి ఉన్నది వారు కట్టుకొని రావచ్చును.

(ఇ) పెండ్లివారు పెట్టుబడి చీర పెట్టి, కట్టుకొమ్మంటే, అది మన చీరకంటె తక్కువదైనా ఆ పూట దానినే కట్టుకొందాము. పెట్టినవారు ఎన్ని ఇండ్లకు లెక్క వేసుకొని, ఎంత కష్టపడి తెచ్చినారో మనకు తెలియదు. దానిని పక్కన పెట్టి ఇంకొకరికి ఇచ్చివేసిన సంగతి వారి చెవిని పడితే ఆ గాయము ఏండ్లు నిలుస్తుంది.

(ఈ) చీర అరువు ఇచ్చుకోవడము, పుచ్చుకోవడము సిగ్గు కాదు. ఇచ్చినవారు పెండ్లిలో నలుగురి ముందర "ఆ చీర నాదే" అనకూడదు. తీసుకొన్నవారు శుభ్రము చేసి వారములోగా తిరిగి ఇవ్వాలి. బంగారము మాత్రము అరువు తీసుకోవద్దు. బస్సులో పోయినా, పెండ్లి గుంపులో పోయినా తీర్చే శక్తి మనకు ఉండదు.

(ఉ) పెండ్లి చేసేవారు కన్నడ పత్రికలలో "ఆశీర్వాదమే ఉడుగొరె" అని అచ్చువేస్తారు, అంటే మీ దీవెనే మాకు కానుక అని. అదే విధముగా, పిలిచేటప్పుడే "ఉన్న గుడ్డలతోనే రండి, మీరు రావడము ముఖ్యము" అని నోటితో చెప్పాలి. వచ్చినవారిని కూడా ఆ మాట ప్రకారమే కూర్చోబెట్టాలి.

7. ఎండ, ప్రయాణము, పిల్లలు

బెంగళూరునుండి పావగడకు దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడనుండి ఊరికి ఇంకొక బస్సో, ఆటోనో, మోటారు సైకిలో పట్టాలి. పట్టుచీర కట్టుకొని బయలుదేరితే చేరేటప్పటికి అది నలిగి, చెమటకు తడిసి ఉంటుంది. నూలుబట్టతో ప్రయాణము చేసి, పెండ్లి ఇంటి దగ్గర బంధువుల ఇంటిలో మార్చుకోండి. ఏప్రిల్, మే నెలలలో మన మెట్టప్రాంతపు ఎండ తెలిసినదే. ఆ నెలలలో పగటి పెండ్లికి పలుచని నూలుచీర, నూలుచొక్కా పట్టుకంటె తక్కువ మర్యాద కాదు. వృద్ధులకు, గర్భిణులకు, బాలింతలకు బరువైన చీర బలవంతముగా కట్టవద్దు.

మోటారు సైకిలు వెనుక కూర్చొనే ఆడవారు కొంగును, దుపట్టాను ఒడిలోనికి లాగి ముడి వేసుకోవాలి. గుడ్డ చక్రములో చిక్కుకొని మెడకు బిగిసిన ప్రమాదములు జరుగుతూనే ఉన్నవి. వెనుక కూర్చొన్నవారి బట్టలు చిక్కుకోకుండా వెనుక చక్రమునకు సగమైనా కప్పు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్తాయి. అందము కొరకని దానిని ఊడదీసిన బండి ఎక్కవద్దు.

పిల్లలకు మెరిసే నైలాను గౌనులు, గరగరలాడే షేర్వానీలు వేసి రోజంతా ఏడిపించడము మనకు అలవాటు అయినది. హోమము, వంటపొయ్యి, ఊరేగింపులో టపాసులు ఉన్నచోట నైలాను, పాలిస్టరు బట్టలు అపాయకరము. నిప్పు తగిలితే అవి కరిగి చర్మమునకు అంటుకొంటాయి. పిల్లలకు మెత్తని నూలుబట్టలు వేయండి. ఆడుకొంటారు, తింటారు, నిద్రపోతారు. ఫోటో కొరకు మంచి గౌను ఒక పావుగంట వేసి తీసివేస్తే చాలు.

8. ముగింపు

ఇంతవరకు చెప్పినదానిని మూడు ప్రశ్నలుగా జ్ఞాపకము ఉంచుకొందాము. ఏ పెండ్లికైనా బయలుదేరే ముందు అద్దము ఎదుట వీటిని అడుగుకోండి. ఇది కట్టుకొంటే పిలిచినవారికి గౌరవమా? ఇది కట్టుకొంటే నా పక్కన కూర్చొనే బీద బంధువుకు నాతో మాట్లాడే చనువు ఉంటుందా? దీనికి పెట్టిన డబ్బు నాదేనా, అప్పుదా? మూడింటికీ మంచి జవాబు వస్తే ఆ బట్ట కొత్తదైనా, పాతదైనా, పట్టుదైనా, నూలుదైనా పెండ్లికి తగిన బట్టే.

ఈ సంవత్సరము మీకు పత్రిక వచ్చినప్పుడు ఇంకొక పని కూడా చేయండి. ఆ పెండ్లికి రావలసి యుండి, చీర లేదని ఆగిపోయే అక్క ఎవరో మీకు తెలిసే ఉంటుంది. బస్సు టికెట్టు తీసుకొనే ముందు ఆమెకు ఫోను చేసి, "అక్కా, నా దగ్గర రెండు ఉన్నవి, నీకు నచ్చింది కట్టుకో, కలిసి పోదాము" అనండి.

కూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. మత్తయి 22వ అధ్యాయము అతిథిని, యాకోబు 2వ అధ్యాయము పిలిచినవారిని గురించి నేర్పే సంగతులు ఏవి? మన సంఘములో రెండిటిలో ఏది ఎక్కువగా మరచిపోతున్నాము?

2. పోయిన సంవత్సరము పెండ్లి బట్టలకు మన ఇంటిలో అయిన ఖర్చు ఎంత? అందులో అప్పు ఎంత? భార్యాభర్తలు కలిసి లెక్క వ్రాయండి.

3. బట్టలు లేని కారణముచేత పెండ్లికి, ఆరాధనకు రానివారు మన మధ్య ఉన్నారా? పేరు బయటపెట్టకుండా వారికి ఏ విధముగా తోడుపడగలము?

4. విధవరాండ్రు మన పెండ్లిళ్ళలో ఎక్కడ కూర్చుంటున్నారు? ఎందుకు?

5. మన పిల్లలకు బట్టల విషయములో గౌరవమునకు, గర్వమునకు ఉన్న భేదమును ఏ ఉదాహరణతో నేర్పగలము?